సాలమాండర్‌కి వాస్తు

న్యూజెర్సీలో పెరట్లో రాలిన ఆకుల్ని ఊడ్వకుండా వదిలేయడమంటే పెళ్లికి లుంగీతో వెళ్లినట్టే. వీధి మొత్తానికి మా ఇంట్లోనే లీఫ్ బ్లోయర్ మోగదు. బద్ధకం కాదండీ, మచ్చల సాలమాండర్ కోసం.

నల్లటి ఒళ్లు, వీపు మీద రెండు వరసల పసుపు చుక్కలు, జానెడు పొడవు. చూడ్డానికి బల్లి, చుట్టరికం కప్పతో. ఏడాదంతా దాదాపు నేలలోపలే ఉండి, చలికాలం పోతూండగా పడే వెచ్చటి వాన రాత్రి పైకొచ్చి, గుడ్లు పెట్టడానికి నీటిగుంటకి నడుస్తుంది. ఆ రాత్రుల్లో మా ఈస్ట్ బ్రన్స్‌విక్‌లో బీక్‌మన్ రోడ్డు మీద కార్లు ఆపేస్తారు. మనవైపు మంత్రిగారికి దొరికే మర్యాద!

వాటికోసం మా పెరట్లోనూ గుంట తవ్వే వేళకి గుంటూరు నుంచి అత్తగారు దిగారు.

"ఈశాన్యంలో తవ్వారు, మంచి పని చేశారు బాబూ" అన్నారు. నేను చూసింది చెట్టు నీడే అయినా, వచ్చిన మెప్పు కాదంటామా?

"వేసవి చివరికి ఇది ఎండిపోవాలండీ అత్తయ్యగారూ. ఏడాది పొడుగునా నీళ్లుంటే చేపలు బతుకుతాయి, గుడ్లు తినేస్తాయి."

"ఎండిపోయే చెరువులు మా కాంట్రాక్టర్లూ తవ్వుతారు. వాళ్లకి బిల్లయినా వస్తుంది."

బల్లి శాస్త్రంలో సాలమాండర్‌కి ఫలమేమిటని కూడా ఆరా తీశారు. మీద పడాలంటే ముందు పైకి రావాలి కదా!

ఇంతా చేసి, ఈ జీవికి తవ్వకం పెద్దగా చేతకాదు. ఎలుకలో చుంచెలుకలో తవ్విన బొరియల్లో కాపురం పెడుతుంది. చీమల పుట్టలో పాము చేరే పద్ధతి అమెరికాలోనూ ఉంది. కనక పెరట్లో పుచ్చిన దుంగలు పడేశాను, మందులు కొట్టడం మానేశాను, ఎలుకలకి స్వాగతం చెప్పాను. పచ్చిక కింద సొరంగాలు బయల్దేరాయి. పక్కింటాయన పలకరింపు తగ్గింది.

"మరి ఆ చుక్కలవాళ్లు ఎప్పుడొస్తారు?" అన్నారు అత్తగారు.

ఎక్కడినుంచో పట్టితెచ్చి వదలకూడదు, చట్టం ఒప్పుకోదు, రోగాలూ వ్యాపిస్తాయి. వాటంతటవే రావాలి. ఇరవయ్యేళ్లు బతికినా ఎక్కువగా తాము పుట్టిన గుంటకే మళ్లీమళ్లీ పోతాయి. కొత్త గుంట కంటబడి, నచ్చడానికి ఎన్నేళ్లయినా పట్టొచ్చు. ఈ సంగతంతా వివరించాను.

అత్తగారు కాసేపు ఆలోచించారు. "అంటే వాన పడితే చాలు, పుట్టింటికి బయల్దేరుతుందన్నమాట. నాలుగు కాళ్ల పురుక్కున్న బుద్ధి!" అంటూ కూతురి వైపు తిరిగారు.

మా ఆవిడ ఫోన్లో హైదరాబాదు టికెట్ల ధరలు చూడడం మొదలెట్టింది. సాలమాండర్ పద్దులో ఇది రాసుకోలేదు.