లేని రొక్కానికి కాపలా

బేగం బజార్‌లో కందిపప్పు కొనే సేట్ బస్తా మూతి చూసి బేరమాడడు. మొనదేలిన ఇనుప గొట్టాన్ని గోనె పక్కన గుచ్చి, అడుగున దాక్కున్న పప్పును అరచేతిలోకి లాగుతాడు. ఒక బద్దను పంటికింద వేసుకున్నాకే రేటు గురించి నోరు విప్పుతాడు. రాత్రి గల్లా పెట్టెకూ పుస్తకానికీ పది రూపాయల తేడా వస్తే గుమస్తా ఇంటికి వెళ్లినట్టే. ఇంత మోటు మనుషులు కాబట్టే వీళ్లనెవరూ టీవీ చర్చలకు పిలవరు.

టీవీకి పిలిచే టైబాబులు మన హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్‌ను ఏళ్ల తరబడి తూచారు. ఎన్ని ఆర్డర్లు, ఎంత మార్జిన్, వచ్చే మూడు నెలల లాభమెంత అన్నీ దశాంశాలతో సహా చెప్పారు. పైగా 2008 సెప్టెంబరులో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా వచ్చిందాయె! అక్కడ మన గుమస్తా ఉంటే ఒక్కటే అడిగేవాడు: ‘‘అంత రొక్కం తిప్పకుంట బ్యాంకుల ఎందుకు పడుకోబెట్టిన్రు సార్?’’

అసలు తమాషా ఆ డిసెంబర్ 16న. సత్యం సొమ్ముతో తన కుటుంబ సంస్థలు మేటాస్ ప్రాపర్టీస్, మేటాస్ ఇన్‌ఫ్రాలను 160 కోట్ల డాలర్లకు కొంటామని కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ప్రకటించారు. వాటాదార్ల డబ్బు రియల్ ఎస్టేట్‌లో పోస్తారా అని విశ్లేషకులు ఇంతెత్తున లేచారు. గంటల్లోనే బేరం రద్దయింది. హమ్మయ్య, డబ్బు దక్కిందనుకున్నారు.

మూడు వారాల పాటు లేని డబ్బుకే కాపలా కాశారు పాపం. 2009 జనవరి 7 నాటి లేఖలో రాజే చెప్పారు: పుస్తకాల్లోని 5,040 కోట్ల రూపాయల రొక్కం ఉత్తిదే. దానిమీద రావాల్సిన 376 కోట్ల వడ్డీ కూడా. (లేని అసలుకు వడ్డీ కూడా లెక్కగట్టిన శ్రద్ధకు మెచ్చుకోవాలి.) సెప్టెంబరు త్రైమాసికం మార్జిన్ 24 శాతం కాదట, 3 శాతమేనట. ఉత్తుత్తి ఆస్తుల స్థానంలో నిజమైనవి పెట్టడానికి మేటాస్ బేరమే ఆఖరి ప్రయత్నమట. అంటే పుస్తకాల్లోకి నిజమైనదేదైనా వచ్చే ఒక్క దారినీ నిపుణులు శక్తివంచన లేకుండా మూయించారన్నమాట.

ఆ ఒక్కరోజే షేరు 179 దగ్గర్నుంచి 40కి జారింది. కంపెనీ పని అయిపోయిందన్నారు. అదీ తప్పే. దొంగ పద్దుల కింద నిజంగా పనిచేసే వేల మంది ఇంజినీర్లున్నారు, నిజంగా బిల్లు కట్టే విదేశీ ఖాతాదార్లున్నారు. ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలిచ్చి 31 శాతం వాటా తీసుకుంది, 2013లో ఏకంగా కలిపేసుకుంది.

2015లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో సహా పదిమందికి శిక్ష వేసింది, తర్వాత బెయిలూ వచ్చింది. ‘కొనండి’ అని రాసినవాళ్లకు బెయిలు అవసరం పడలేదు. వాళ్లు అప్పటికే ఇంకో కంపెనీకి టార్గెట్ ధర పెంచే పనిలో ఉన్నారు.