1991 నాటి కొత్త వింత

ప్రోగ్రామింగ్ నేర్చుకుందామని నెక్కొండలో రైలెక్కి హైదరాబాద్ అమీర్‌పేట చేరిన కుర్రాడికి మొదటి ఆర్నెల్లు జావాయే దైవం. ఏడాది తిరిగేసరికి అదే జావా చాదస్తపు అత్తగారు, పైథాన్ కొత్త కోడలు. కోడలి పుట్టిన తేదీ మాత్రం ఎవరూ అడగరు: పైథాన్ బయటికొచ్చింది 1991లో, జావా 1995లో! తెర మీద ఒక్క ముక్క చూపడానికి జావాలో ఏళ్ల తరబడి ‘పబ్లిక్ స్టాటిక్ వాయిడ్ మెయిన్’ అంటూ సంకల్పం చెప్పుకోవాల్సి వచ్చింది, నిజమే. పైథాన్‌లో ‘ప్రింట్’ అంటే చాలు. ఆ సంబరమూ పంక్తి మొదట్లో ఖాళీ ఒకటి ఎక్కువై ప్రోగ్రాం మొరాయించేదాకానే.

మార్కెట్ అడిగితే మారక చస్తామా అంటారు. ఆ మార్కెట్టే, 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీల్లో తడబడతాయన్న వై2కె భయంతో, 1959లో మొదలైన కోబాల్ భాషను పిలిచి మరీ పీట వేసింది. గండం గడవగానే పీట లాగేసింది. పోనీ, పాత సీ భాష గొడవ వదిలింది కదా అంటే, అందరూ వాడే పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌ను రాసిందే సీలో. ఈ మాట చెబుదామంటే కుర్రాడేడీ? రస్ట్ అనే మరో కొత్త భాష ఫ్రీ డెమో క్లాసుకు వెళ్లాడట.