ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలము

పాత సర్వరొకటి బాగుగా నడువంగ
కొత్తదంచు మార్చి కూరుచుండ
లేచి చూడ నదియు లేవకే పడియుండె
లాగు జూడ కెట్లు లాగగలవు

అవతారిక. పద్యమూ నాదే, వ్యాఖ్యా నాదే. తన కారికలకు తానే వృత్తి రాసుకున్న లాక్షణికులు మనకు కొత్త కాదు గనుక ఎవరూ తప్పు పట్టనవసరం లేదు. సందర్భం నూజివీడు, మే నెల. చాట్రాయి, ముసునూరు, ఆగిరిపల్లి వైపు నుంచి రసాలూ బంగినపల్లీ ట్రాక్టర్లలో దిగుతున్నాయి. ఒక కమీషన్ కొట్టు వెనక గదిలో బిల్లింగు సర్వరు ఉన్నదనుకోండి. నాయకుడు షావుకారు అన్నకొడుకు, కంప్యూటర్లు చదువుతూ సెలవులకు వచ్చినవాడు. 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చాక నూజివీడులో ఇలాంటి నాయకుడికి కరువు లేదు. ధీరోదాత్తుడు మాత్రం కాడు, ధీరోద్ధతుడు.

ప్రతిపదార్థము. పాత సర్వరొకటి = ఉబుంటు 18.04 వేసిన, ఎవరూ జోలికి పోని యంత్రము; బాగుగా నడువంగ = బిల్లులు కొడుతుండగా (ఈ 'బాగుగా' మీద నాకు అనుమానం, కింద చూడుడు); కొత్తదంచు = 20.04 ఉన్నది కదా అని; మార్చి = అప్‌గ్రేడ్ కొట్టి; కూరుచుండ = టీ గ్లాసుతో కూర్చొనగా; అదియు = మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు; లేవకే పడియుండె = 'ఫెయిల్డ్' అని ఎర్రటి అక్షరాలు చూపించి పడుకొనెను; లాగు జూడక = అది పడేముందు రాసిపెట్టిన చిట్టాను చదవకుండా; ఎట్లు లాగగలవు = ఏ విధంగా పైకి లేపగలవు?

మొదటి 'లాగు'కు నిక్కరని అర్థం చెప్పేవారున్నారు. సందర్భశుద్ధి లేదు. అయితే మండీలో లారీ ఆగిపోయిన రోజున నాయకుడు తడుముకోవలసిన వస్తువుల్లో అదీ ఒకటేనని ఒప్పుకోక తప్పదు.

తాత్పర్యము. స్పష్టము.

టీక. ఇక్కడ కథ కొంచెం విప్పాలి. 18.04తో వచ్చింది మైఎస్‌క్యూఎల్ 5.7, 20.04తో వచ్చేది 8.0. మధ్యలో క్వెరీ క్యాష్ అనే ఏర్పాటును మైఎస్‌క్యూఎల్ వాళ్ళు పూర్తిగా తీసేశారు. కానీ ఉబుంటు 5.7తో ఇచ్చిన సెట్టింగుల ఫైల్లో దాని పేరిట రెండు వరుసలుండేవి, ఒకటి 1ఎం, ఇంకొకటి 16ఎం. ఎవరూ చెయ్యి పెట్టని ఫైలైతే అప్‌గ్రేడ్ దాన్ని చప్పుడు లేకుండా మార్చేస్తుంది. మన కొట్టులో ఎవరో ఎప్పుడో చెయ్యి పెట్టారు. కాటా దగ్గరి కంప్యూటరు నేరుగా డేటాబేసుకు తగిలేట్టు బైండ్-అడ్రస్ అనే వరుస మార్చారు. అందుకే అప్‌గ్రేడ్ మధ్యలో ఆగి అడిగింది: ఫైలు మీరు మార్చినట్టుంది, మీది ఉంచమంటారా, మాది పెట్టమంటారా? ఏమీ చెప్పకుండా ఎంటర్ కొడితే పాతదే ఉంటుంది. మన ధీరోద్ధతుడు ఎంటర్ కొట్టాడు.

అంటు కట్టేటప్పుడు కొమ్మ చూసి మురిసిపోయి వేరుమొక్కను చూడకపోతే ఎలా ఉంటుందో అలా ఉంది. కొత్త 8.0 లేచి పాత ఫైలు చదివి, క్వెరీ_క్యాష్_లిమిట్=1ఎం అన్న వరుస దగ్గర 'అన్‌నోన్ వేరియబుల్' అని రాసి ప్రాణం వదిలింది. పోనీ కొత్త ఫైలే పెట్టమన్నాడనుకుందాం. డేటాబేసు లేచేది, బైండ్-అడ్రస్ మళ్ళీ 127.0.0.1కు పోయి కాటా కంప్యూటరుకు దారి మూసుకుపోయేది. రెండు జవాబులూ కాటేసేవే. కనుక ఆ ప్రశ్న దగ్గర 'డి' కొట్టి, రెండు ఫైళ్ళకూ తేడా చూసుకోవడమే విజ్ఞుల మార్గం.

"ఏరా అబ్బాయ్, ఇంకోసారి ఆపి ఏస్తే పోలా?" అంటాడు బాబాయి. అది లోకోక్తి, ప్రమాణం కాదు. మామూలు అమరికలో పది సెకన్లలో అయిదుసార్ల కంటే ఎక్కువ లేపబోతే సర్వీసుల్ని లేపే సిస్టమ్‌డీకే విసుగు పుడుతుంది, మరీ తొందరగా అడుగుతున్నావని రాసి మొండికేస్తుంది. ఇంకొందరు ప్యాకేజీని పీకి మళ్ళీ వేద్దామంటారు. వారిని గది బయట కూర్చోబెట్టవలెను. ఫైళ్ళు అప్పటికే దిగిపోయాయి. ఆగింది చివర సర్వీసును లేపే మెట్టు దగ్గర. ఆ రెండు వరుసల ముందూ ఒక్కొక్క # పెట్టి, డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ అంటే మిగతా పని అదే పూర్తి చేసుకుంటుంది. మొదటి వరుస ఒక్కటే కొట్టేస్తే రెండోదాని దగ్గర మళ్ళీ పడుతుంది. లాగు ఒకసారికి ఒక తప్పే చెబుతుంది, ఓపిక పట్టాలి.

మెదక్ దగ్గరి కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి మూలంలో లేనిది రాయనని ప్రతిజ్ఞ చేసి మరీ వ్యాఖ్యానానికి దిగాడు. సర్వరు పడ్డప్పుడు మనవాళ్ళు లాగు అనే మూలం తెరవకుండానే నెట్‌వర్కనీ, కరెంటనీ, వైరసనీ వ్యాఖ్యానాలు మొదలుపెడతారు.

విశేషము. ఇక 'బాగుగా'. నడుస్తున్న సర్వీసును చూసి బాగుందనడానికి లేదు. దాన్ని ఇంతవరకు ఎవరూ పడుకోబెట్టి మళ్ళీ లేపలేదని మాత్రమే అనవచ్చు. 2023 మార్చి 8న, మనకు పొద్దున్న పదకొండున్నర వేళ, డేటాడాగ్ కంపెనీ సర్వర్లలో ఉబుంటు 22.04 తనంతట తాను సిస్టమ్‌డీ సెక్యూరిటీ అప్‌డేట్ వేసుకుంది. దాంతో నెట్‌వర్క్ చూసే సర్వీసు రీస్టార్ట్ అయి, తనకు తెలియని దారులన్నీ చెరిపేసింది. వేలాది సర్వర్లు వేర్వేరు క్లౌడుల్లో ఉండి కూడా దాదాపు ఒకేసారి మూగబోయాయి. మిషను మొదటిసారి బూటయ్యేటప్పుడు ఆ చెరిపివేత వల్ల నష్టం లేదు, ఆ దారులు అప్పటికింకా పడి ఉండవు. నడుస్తున్న మిషను మీద అదే సర్వీసు లేచినప్పుడు ఏమవుతుందో ఎవరికీ కనబడలేదు.

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ కంపెనీ అప్‌డేట్ దెబ్బకు కంప్యూటర్లు పడిపోయిన సంగతి దీనికి సజాతీయమే గాని సమానం కాదు. అది విండోస్, పైగా ప్యాకేజీ కాదు. ఆ రోజు హైదరాబాదు నుంచి ఇండిగో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులిచ్చింది. కొట్టులో కార్బన్ కాగితం బిల్లు పుస్తకం పారెయ్యని బాబాయిని ఈ విషయంలో మెచ్చుకోవాలి.

శంక. అయితే సీజను పోయేదాకా అప్‌గ్రేడే వద్దా?

సమాధానము. 18.04 నుంచి 20.04కు దూకే పెద్ద పని రసాలు అయిపోయాక పెట్టుకో. సెక్యూరిటీ ప్యాకేజీలు అంతకాలం ఆగవు. వాటిని ఆఖరి లోడు వెళ్ళాక రాత్రిపూట వెయ్యి. డేటాబేసు డంప్ తీసి వేరే మిషనులో పెట్టు. తర్వాత, ప్యాకేజీల జోలికి పోకముందే ఉన్న సర్వీసును ఒకసారి రీస్టార్ట్ చెయ్యి. అది అప్పుడే లేవకపోతే జబ్బు పాతది, ఆ రాత్రి అప్‌గ్రేడ్ మానేసి దాని సంగతి చూడు. లేస్తే అప్‌గ్రేడ్ కొట్టు. ఆ తర్వాత పడితే కొత్త ప్యాకేజీకీ పాత ఫైలుకీ మధ్యే వెతకాలి, బాబాయి కరెంటును తిట్టడానికి వీల్లేదు.