మడి అమ్ముకుని మడి చూడబోదాం, రండి!

"నగరం, పల్లె, సముద్రం... మూడూ ఆరు రోజుల్లో!"

మేడ్చల్ దగ్గరి రావల్కోల్‌లో వెలిసిన రంగుల పోస్టరు మీద పెద్దక్షరాలివి. దేశం వియత్నాం. ఐదు రాత్రులు, ఆరు పగళ్లు, గైడు సహితం. ధర యాభై వేలకు ఒక్క రూపాయి తక్కువ. ఆ అంకె పక్కన చీమ తలకాయంత చుక్క గుర్తు. దాని భాష్యం పోస్టరు అడుగున ఉంది, చదవాలంటే ఇంటికెళ్లి కళ్లద్దాలు తెచ్చుకోవాలి. జీఎస్టీ అదనం. టీసీఎస్ అదనం. గైడుకు, డ్రైవరుకు టిప్పు తప్పనిసరి. సంతోషంగా ఇస్తారా, ఏడుస్తూ ఇస్తారా అన్నది మాత్రం మన ఇష్టానికే వదిలేశారు.

ఆ టీసీఎస్ సంగతి కూడా చూడండి. 2020 అక్టోబరు నుంచి విదేశీ టూరు ప్యాకేజీల మీద ఆదాయపు పన్ను కింద దీన్ని ముందే పట్టుకుంటున్నారు. వెనక్కి రావాలంటే ఐటీ రిటర్ను వేయాలి. జన్మలో రిటర్ను మొహం చూడని పెద్దమనిషి ముందు వియత్నాం చూసి, ఆ తర్వాత ఆడిటరును చూస్తాడు. యాత్రాఫలం అంటే ఇదే కాబోలు.

ఏజెంటు బండి మీద కూర్చునే బేరం మొదలుపెడతాడు.

"కాకా, ఈ టూరుల పట్నం సూస్తవ్, ఊరు సూస్తవ్, దర్యా సూస్తవ్."

"ఊరెందుకు బిడ్డా? ఊర్లెనే ఉన్నం గద!"

"ఇది ఊరెక్కడిది కాకా, వెంచరాయె!"

మొత్తం ప్యాకేజీలో అబద్ధం కలవని మాట ఇదొక్కటే. ఉచితంగా వచ్చింది కూడా ఇదొక్కటే.

ఇక లెక్క. వియత్నాం ఉత్తరపు కొస నుంచి దక్షిణపు కొసకు 1,650 కిలోమీటర్లు. ఆరు పగళ్లలో మొదటిది శంషాబాదులో లైన్లు కట్టడానికి పోతుంది, చివరిది తిరుగు లైన్లకు పోతుంది. మిగిలింది నాలుగు. ఆ నాలుగింటిలోనే హనోయ్ నుంచి హాలాంగ్ బేకు బస్సు, మళ్లీ వెనక్కి బస్సు, అక్కణ్నుంచి డా నాంగ్‌కు విమానం, డా నాంగ్ నుంచి హో చి మిన్ సిటీకి ఇంకో విమానం. హాలాంగ్‌లో సముద్రంలోంచి లేచిన దాదాపు రెండు వేల సున్నపురాతి దీవులున్నాయి. యునెస్కో 1994లోనే వారసత్వ జాబితాలో చేర్చింది. మనవాళ్లకు వాటిని చూడ్డానికి దొరికేది పడవలో భోజనం వడ్డించే సమయం. దీవి వైపు చూడాలా, పప్పు వైపు చూడాలా అన్న ధర్మసంకటంలో పప్పే నెగ్గుతుంది.

హనోయ్‌లో హో చి మిన్ సమాధి మందిరం ఉంది. మన వామపక్ష సభల్లో ఒకప్పుడు మారుమోగిన పేరు. పార్థివ దేహాన్ని చూడాలంటే ఉదయం పూటే వెళ్లాలి. సోమ, శుక్రవారాలు సెలవు. ఇది రహస్యం కాదు, అక్కడ బోర్డు మీద రాసి ఉండే మాట. మన బస్సు మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాక, కునికిపాట్లు పడుతూ అక్కడికి చేరుతుంది. పోస్టరులో దాన్ని "బయటి నుంచి దర్శనం" అన్నారు. గుడి మూసేశాక గోపురానికి దండం పెట్టుకోవడం మనకేమీ కొత్త కాదు గనుక ఎవరూ గొడవ చేయరు.

గుడి తలుపు మూసే వేళలు తెలియని గైడుకు దుకాణాలు తెరిచే వేళలు మాత్రం నిమిషాలతో సహా తెలుసు. హాలాంగ్ దారిలో ముత్యాల షోరూం. చార్మినారు పక్కన పత్తర్‌గట్టీలో ముత్యాల కొట్లు పెట్టుకుని ప్రపంచానికే ముత్యాలమ్మిన ఊరి పొలిమేర మనుషుల్ని పట్టుకెళ్లి, గాజు తలుపుల వెనక గంటన్నర కూర్చోబెట్టి ముత్యాలమ్ముతారు. ఆ తర్వాత రబ్బరు పాలతో చేసిన పరుపులు, దిండ్ల దుకాణం. నడుం నొప్పికి దివ్యౌషధమట. నడుం నొప్పి తెప్పించింది వాళ్ల బస్సే. ఒక్కొక్కరు ఒక్కో దిండు కొంటారు. అది చంకలో పట్టుకుని మిగతా దేశమంతా తిరుగుతారు. జేబులో ఐదు లక్షల డాంగ్ నోటు పెట్టుకుని లక్షాధికారిలా తిరుగుతున్నామనుకున్నవాళ్లకు, దానికి మన రెండు వేలు కూడా రావని దిండు బిల్లు దగ్గర తెలుస్తుంది.

భోజనం గురించి తక్కువ చెప్పడమే మర్యాద. వీధి మూల గిన్నెలో పొగలు కక్కే ఫో నూడుల్సు సూపు ఉండగా, ఊరికి అవతల ఎక్కడో ఉన్న ఇండియన్ రెస్టారెంటుకు బస్సు ముప్పావుగంట నడుస్తుంది. సకినాల డబ్బా ముందు సీటు నుంచి వెనక సీటుకు చేరేలోపు ఒక మ్యూజియం దాటిపోతుంది.

అసలు మజా పల్లెలో ఉంది. డా నాంగ్ దగ్గరి హోయ్ ఆన్ పట్నం పక్కన ట్రా క్వే అని కూరగాయల ఊరు. ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2024లో దాన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఆ గౌరవం వాళ్లకు చెల్లుతుంది, ఎందుకంటే వాళ్లింకా సేద్యం చేస్తున్నారు. నీళ్లలో పెరిగే నాచు తీసుకొచ్చి ఎరువుగా వేసి ఆకుకూరలు పండిస్తారు. వచ్చిన అతిథికి తాటాకు టోపీ పెట్టి, చేతికి పార ఇచ్చి మడి గుల్ల చేయిస్తారు. భుజాన కావడి, కావడికి రెండువైపులా నీళ్ల డబ్బాలు. వరస మధ్యలో నడుస్తూ రెండు డబ్బాలూ ఒకేసారి వంచి మొక్కల మీద చిలకరించాలి. ఆ పక్క పల్లెల్లో గేదెనెక్కించి ఫొటో తీస్తారు.

ఇప్పుడు రావల్కోల్ పెద్దమనిషిని ఆ మడిలో నిలబెట్టండి. ఒకప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కలంతా అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు, కూరగాయల మళ్లు. ఆయన నాన్న కావడి మోశాడు, భుజం కాయ కాసింది. కొడుకు చేత కావడి మోయించకూడదని చదివించాడు. కొడుకు మడి అమ్మాడు, కారు కొన్నాడు, గేదెల్ని సంతకు తోలాడు. మిగిలిన డబ్బుతో విమానమెక్కి, సముద్రం దాటి, డాలర్లలో రుసుము కట్టి కావడి ఎత్తుకున్నాడు. పక్కనుంచి భార్య వీడియో తీస్తూ "ఏమండీ, కొంచెం నవ్వండి" అంటోంది. వాట్సాప్ స్టేటస్‌లో కింద రాత: "పల్లె జీవితం ఎంత హాయి!"

సాయంత్రం కొబ్బరి ఆకుల్లాంటి ఆకులున్న నిపా తోపుల మధ్య వెదురు బుట్టపడవ ఎక్కిస్తారు. మన కృష్ణ మీద, తుంగభద్ర మీద తిరిగే పుట్టికి తోబుట్టువది. దాన్ని గిరగిరా తిప్పి, స్పీకరులో హిందీ పాట పెట్టి, దిగేటప్పుడు చెయ్యి చాపుతారు. పుట్టిలో తిరిగితే కళ్లు తిరుగుతాయని ఇక్కడ పుట్టి నడిపే ఎవడైనా ఊరికే చెప్పేవాడు.

ఇదే టూరును దసరా స్పెషల్ అంటూ అక్టోబరులో అమ్మడం మరో ప్రతిభ. డా నాంగ్, హోయ్ ఆన్ ఉన్న మధ్య వియత్నాంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు. అక్టోబరు, నవంబరుల్లో థూ బోన్ నది హోయ్ ఆన్ వీధుల్లోకి రావడం అక్కడివాళ్లకు ఏటా ఉన్నదే. "వాతావరణానికి కంపెనీ బాధ్యత వహించదు" అని చుక్క గుర్తు కింద రాసే ఉంది. పండగ సెలవులు చూసుకున్నవాడు పంచాంగం చూశాడు గానీ పటం చూడలేదు.

మందిని వెంటబెట్టుకుని ప్రయాణం చేయడం మనకు ఈ ఏజెంట్లే నేర్పారని అనుకోకండి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న పల్లకీలు, బోయీలు, వంటవాళ్లతో, దాదాపు వంద మందితో కాశీకి బయలుదేరాడు. హైదరాబాదు చేరి, ఇక్కడి నుంచి ఉత్తరానికి నాగపూరు దారి పట్టాడు. ఈ రోజు మన 44వ జాతీయ రహదారి పోయే దిక్కదే. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. ఆ యాత్ర మీద ఆయన రాసిన పుస్తకం 1838లో అచ్చయింది. మజిలీ మజిలీకి నీళ్లున్నాయా, దినుసులు దొరుకుతాయా, దారి ఎలా ఉంది, జనం ఎలా బతుకుతున్నారు అని రాసుకుంటూ పోయాడు. వంద మందిని పదిహేను నెలలు తిప్పిన ఆ టూరు మేనేజరు ఒక్క ముత్యాల దుకాణం ముందూ పల్లకీ ఆపించలేదు. కమీషన్ తెలియని కాలం, పాపం.

ఏజెంటు సోదరులకు నాదొక విన్నపం. ఇటునుంచి అటు తీసుకెళ్లడమేనా? ట్రా క్వే రైతుల్ని రావల్కోల్‌కు తీసుకురండి. ప్లాను నేనే రాసిస్తాను. మొదటి రోజు నగరం: సుచిత్ర నుంచి మేడ్చల్ దాకా ట్రాఫిక్ విహారం. రెండో రోజు పల్లె: హద్దురాళ్ల మధ్య నడక. "ఇది ఈస్ట్ ఫేసింగ్ మడి, అది కార్నర్ బిట్టు మడి, అదుగో నలభై అడుగుల రోడ్డు. ఇక్కడే ద్రాక్ష పందిరి ఉండేది." అతిథి మట్టి ముట్టుకోబోతే "రిజిస్ట్రేషన్ అయ్యాకే" అనాలి. మూడో రోజు తీరం: శామీర్‌పేట చెరువు కట్ట. నీళ్లు ఎంతదాకా, ప్లాట్లు ఎక్కణ్నుంచి అని అడిగితే గైడు ఫోను మాట్లాడుతున్నట్టు నటించాలి. షాపింగుకు వెంచరు సైటాఫీసు ఉండనే ఉంది. ఏసీ బస్సు, బిర్యానీ ఉచితం, లక్కీ డ్రాలో బంగారు కాసు. అక్కడ కూర్చోబెట్టిన వియత్నాం రైతు బయటికి వచ్చేసరికి చేతిలో రెండు వందల గజాలకు అడ్వాన్సు రసీదు ఉండాలి. దిండు అప్పు తీరిపోతుంది.

ఈలోగా అడ్వాన్సు కట్టాలనుకునేవాళ్లు ఏజెంటును కొన్ని అడగండి. ఏ రోజు ఏ చోట ఎన్ని గంటలు నేల మీద ఉంటామో రాసివ్వమనండి. బస్సు గంటలు, విమానం గంటలు వేరుగా వేయమనండి. దుకాణాలు ఎన్నో, వాటిలోకి రానంటే బస్సులోనే కూర్చోనిస్తారో లేదో తేల్చమనండి. వాన పడితే డబ్బు వెనక్కి ఎంత వస్తుందో చుక్క గుర్తు లేకుండా చెప్పమనండి. చెప్పకపోతే మీ దారి మీరు చూసుకోండి. వియత్నాం ఈ-వీసాకు ఏజెంటుతో పనిలేదు. వాళ్ల ప్రభుత్వ సైటులో 25 డాలర్లు కట్టి ఎవరికి వారే పెట్టుకోవచ్చు. అది 90 రోజుల దాకా చెల్లుతుంది. ఆరు రోజులన్నది పోస్టరు వేసినవాడు పెట్టిన గడువు, వియత్నాం పెట్టింది కాదు.