బాణాల బొమ్మ, పీఆర్వో బుర్ర

విద్య ఓ సంక్లిష్ట వ్యవస్థ అట. ఈ ముక్క మనకు చెప్పడానికి స్టార్ హోటల్లో వర్క్‌షాపు పెడతారు. తెర మీద ఓ బొమ్మ పడుతుంది. నడుమ ‘విద్యార్థి’ అని గుండ్రం, చుట్టూ టీచరు, తల్లిదండ్రులు, నిధులు, యాపు, డ్యాష్‌బోర్డు, అన్నిటి మధ్యా బాణాలు. ఏ మీట నొక్కితే ఏది కదులుతుందో భోజనాల వేళకల్లా తేల్చేస్తారు. బాణాలన్నీ విద్యార్థి మీదికే రావడం ఎవరికీ ఎబ్బెట్టుగా అనిపించదు.

అసలు ఈ మీటల శాస్త్రంలో పండిపోయినవాళ్లు మన వీధి చివరే ఉన్నారు. కార్పొరేట్ స్కూళ్ల పీఆర్వోలు!

ఉమ్మడి రాష్ట్రంలో 2012లో సర్కారు టెన్త్ ఫలితాలను గ్రేడ్లలో ఇచ్చింది. మార్కులే లేకపోతే పోటీ చచ్చినట్టు తగ్గుతుందని లెక్క. పీఆర్వో కంగారేమీ పడలేదు. ఫ్లెక్సీ పెద్దది చేయించాడు. మార్కులుంటే టాపర్ ఒక్కడే. గ్రేడ్లలో ‘పదికి పది’ పాయింట్లయితే తపాలా బిళ్లంత ఫొటోలు వరసలు వరసలుగా పేర్చుకోవచ్చు. టీవీలో ఊపిరి తీసుకోకుండా ర్యాంకులు చదివే గొంతుకి ఇంకాస్త పని దొరికింది.

తర్వాత బట్టీ తగ్గించాలని తెలంగాణలో 2015 నుంచి, ఆపైన ఆంధ్రప్రదేశ్‌లోనూ పరీక్షకి 80, బడి చేతికి 20 మార్కులు ఇచ్చారు. బడి మాత్రం తన పిల్లలకు తక్కువెందుకు వేసుకుంటుంది? ఏడాది పొడవునా జరగాల్సిన ప్రాజెక్టులు, పరీక్షలు తనిఖీ ముందు రోజు ఒకే పెన్నుతో, ఒకే దస్తూరీతో రికార్డులోకి ఎక్కేవి. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ 20 ఎత్తేసింది. తెలంగాణ 2024లో ఎత్తేస్తానని చెప్పి, మళ్లీ ఆ ఏడాదికి ఉండనిమ్మంది.

2022లో ఆంధ్రప్రదేశ్ గ్రేడ్లు పక్కనపెట్టి మార్కులు ప్రకటించింది. ర్యాంకుల ప్రకటనలు వేస్తే జైలేనని హెచ్చరించింది కూడా. అంటే, పదేళ్లు తిరిగి బయల్దేరిన చోటికే.

ఏ అంకెను చూసి నిర్ణయాలు తీసుకుంటామో ఆ అంకెకే చెద పడుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970ల్లోనే చెప్పాడు. మనవాళ్లకది తెలియక కాదు. అంకె లేకపోతే సమీక్షలో మంత్రిగారికి ఏం చూపిస్తారు?

అయ్యా, ఈసారి వర్క్‌షాపుకి కన్సల్టెంటును మానేసి పీఆర్వోని పిలవండి. మీరు తేబోయే జీవోకి బడులు ఎలా విరుగుడు కనిపెడతాయో కాఫీ తాగేలోపు చెప్పేస్తాడు. ఫీజు సంగతి మాత్రం ముందే మాట్లాడుకోండి, టర్ముల వారీగా వసూలు చేస్తాడు.