మొదటి పేజీ, చివరి పేజీ

నా దగ్గరికి వచ్చిన కాగితం ఏదైనా బోర్లా పడుకోవాల్సిందే. మూత పడుతుంది, చీకటవుతుంది, నా కడుపులో దీపం ఈ కొసనుంచి ఆ కొసకి నిదానంగా నడుస్తుంది. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఒక్క ఎ4 కాగితం మీద 87 లక్షల చుక్కలు చదువుతాను. ఇంత కష్టపడి చదివాక మా యజమాని "ఫైలు పెద్దదైపోయిందండీ, సైటు తీసుకోదు" అంటూ దాన్ని సగానికి సగం నొక్కేస్తాడు. పదిహేనేళ్ళుగా ఇదే వరస.

రాజోలు సెంటర్లో జిరాక్సు కొట్టు మాది. నేను స్కానర్ని. 2010లో అట్టపెట్టెలోంచి తీసి ఈ బల్ల మీద కూర్చోబెట్టారు. పక్కనే ప్రింటరు. నేను బయటి కాగితాన్ని కంప్యూటర్లోకి పంపిస్తాను, అది కంప్యూటర్లోదాన్ని బయటికి కక్కుతుంది. మా మధ్య మాటల్లేవు. ఇంకు అయిపోయిన రోజు మాత్రం దాని మూలుగు వినలేం.

కోనసీమలో బతికే స్కానరు గాజు పలక మీద ఎక్కువగా పడుకునేవి పాస్‌పోర్టులే. కువైట్‌కి, మస్కట్‌కి, దోహాకి వెళ్ళేవాళ్ళవి. ఏ పాస్‌పోర్టులోనైనా నాకు చూపించేది రెండే పేజీలు. మొదటి పేజీలో ఫొటో, పేరు, పుట్టిన తేదీ. చివరి పేజీలో అమ్మానాన్నల పేర్లు, చిరునామా. మధ్య పేజీల్లో ఏముందో ఏ ఆఫీసూ అడగదు కాబట్టి నేనూ చూడను.

2011లో ఒకావిడ వచ్చింది. కొత్త పాస్‌పోర్టు, ఇంకా అంచులు నలగలేదు. అందులో 'ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్' అన్న ముద్ర. ఈసీఆర్ అంటారు మా కొట్లో. పదో తరగతి గట్టెక్కనివాళ్ళకి వేస్తారది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం, ఆ ముద్ర ఉన్నవాళ్ళు 18 దేశాల్లో ఏ దేశానికి పనికి వెళ్ళాలన్నా ముందు ప్రభుత్వం దగ్గర అనుమతి తెచ్చుకోవాలి. ఆడవాళ్ళకైతే 30 ఏళ్ళు నిండి ఉండాలి కూడా. ఆవిడకి అప్పటికి 37. కువైట్ నుంచి ఏజెంటు పంపిన వీసా కాగితం కూడా నా మీదే పెట్టారు. 20వ నంబరు వీసా, ఇంటిపనిది. ఖద్దామా వీసా అంటారిక్కడ. దాని వెనకే గామ్కా మెడికల్ రిపోర్టు.

"తమ్ముడూ, అరబ్బీలో ఏం రాసుందో చదవగలవా?" అందావిడ.

"నాకు తెలుగే సరిగా రాదక్కా," అన్నాడు మా యజమాని.

ఆవిడ కొంగు పట్టుకుని పన్నెండేళ్ళ పిల్ల నిలబడింది. నా మూత ఎత్తి లోపలి దీపాన్ని చూడబోతే కళ్ళు పోతాయని కసిరాడాయన. నిజానికి పోవు. మెషీను పాడవుతుందని ఆయన భయం.

ఆవిడ తొమ్మిదేళ్ళు అక్కడే ఉంది. మధ్యలో రెండుసార్లు వచ్చి వెళ్ళిందట. డబ్బు మాత్రం నెల తప్పకుండా వచ్చేది. పిల్ల ఇంటర్ మార్కుల జాబితా, ఇంజినీరింగ్ సీటు కాగితం, ఫీజు రసీదులు అన్నీ నా దీపం కిందనుంచే పోయాయి. 2020లో కరోనా వచ్చాక ఆవిడ ఇంటికి వచ్చేసింది. ఆ ఏడాదే పిల్ల చదువు ముగిసింది. ఉద్యోగం దొరికింది కానీ ఆఫీసు మూసుంది, ఇంట్లోంచే చెయ్యమన్నారు. తర్వాత కంపెనీ మారింది, సింగపూర్‌లో ఉన్నవాళ్ళ సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే పని. ఆఫీసు ముఖం చూడలేదు. డాబా మీద వేసుకున్న రేకుల గదే ఆఫీసు.

2025 వేసవిలో తల్లీకూతుళ్ళు ఇద్దరూ కొట్టుకొచ్చారు. చేతిలో దళసరి ఫైలు.

"మావయ్య గారూ, థాయ్‌లాండ్ వీసాకి అప్లై చేస్తున్నానండి. ఇవన్నీ స్కాన్ చెయ్యాలి."

"థాయ్‌లాండ్‌కి వీసా ఎందుకమ్మా? మనవాళ్ళు ఊరికే వెళ్ళొస్తున్నారుగా, 60 రోజులుండొచ్చంట!"

"60 రోజులు చుట్టం చూపుగా ఉండొచ్చండి. నేను ల్యాప్‌టాప్ పట్టుకెళ్ళి అక్కడ కూర్చుని పని చేసుకోవాలి కదా. దానికి వేరే వీసా ఉందండి, డీటీవీ అని. డెస్టినేషన్ థాయ్‌లాండ్ వీసా."

మా యజమానికి ఓ అలవాటుంది. కొత్త వీసా పేరు వింటే కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు. పిల్ల చెప్పుకుపోయింది. 2024 జూలైలో మొదలుపెట్టారట. ఐదేళ్ళ వీసా, ఎన్నిసార్లైనా వెళ్ళి రావచ్చు, వెళ్ళిన ప్రతిసారీ 180 రోజులుండొచ్చు. 20 ఏళ్ళు నిండాలి. బ్యాంకులో 5 లక్షల బాత్‌లు, మన డబ్బుల్లో 13, 14 లక్షల దాకా చూపించాలి. ఫీజు 10,000 బాత్‌లు, వీసా రాకపోయినా అది తిరిగిరాదు. అక్కడి కంపెనీలో మాత్రం పని చెయ్యకూడదు. జీతం బయటినుంచే రావాలి.

"మరి ఇంకెవరికిస్తారు? సాఫ్ట్‌వేర్ వాళ్ళకేనా?"

"లేదండి. మువై థాయ్ అని వాళ్ళ బాక్సింగ్ నేర్చుకునేవాళ్ళకి, వైద్యానికి వెళ్ళేవాళ్ళకి, థాయ్ వంట కోర్సులో చేరేవాళ్ళకి కూడా ఇస్తారు."

ఇంతవరకూ మాట్లాడని తల్లి అప్పుడందుకుంది. "వంట నేర్చుకోడానికొస్తామంటే ఐదేళ్ళ వీసానా? నేను తొమ్మిదేళ్ళు వండి పెట్టాను కదే, ఒక్కసారి పంపించడానికి ఎన్ని ముద్రలు కొట్టారో!"

పిల్ల నవ్వింది. మా యజమాని నవ్వలేదు. నాకు తెలిసి ఆయన అప్పుడే గుర్తుచేసుకున్నాడు, ఆ 18 దేశాల జాబితాలో గల్ఫ్ దేశాలతోపాటు థాయ్‌లాండ్ కూడా ఉందని. పిల్లకి పదోక్లాసు సర్టిఫికెట్ ఉంది కనక ఆ జాబితాతో దానికి పనిలేదు.

ఇక స్కానింగ్ మొదలైంది. కోడలు రాకముందు ఇల్లు సర్దినట్టు, నా గాజు పలకని మెత్తటి గుడ్డతో తుడిచాడు.

మొదట పాస్‌పోర్టు. మొదటి పేజీ అందంగానే వచ్చింది. చివరి పేజీ మీదుగా దీపం నడుస్తుంటే తల్లి పేరు గడి దగ్గర నాకు తెలిసిన పేరొకటి తగిలింది. 2011లో ఇదే పేరు మొదటి పేజీలో చదివాను.

తర్వాత తెలుగువాళ్ళందరి శని, ఇంటిపేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఇంటిపేరూ అసలు పేరూ కలిపి ఒకే గడిలో కుక్కేశారు. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరుకి ఒక్క పొడి అక్షరమే ఉంది. కంపెనీ కాగితాల్లో ఆ అక్షరం పేరు చివరికి పోయింది. చూసేవాళ్ళకి ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురూ ఒక్కరేనని బ్యాంకు మేనేజరు చేత రాయించుకుని ముద్ర వేయించుకు రావడానికి రెండు రోజులు పట్టింది.

బ్యాంకు స్టేట్‌మెంటు కథ నాకు మరీ ఇష్టం. అది పుట్టిందే కంప్యూటర్లో. ఈమెయిల్లో వచ్చింది, పాస్‌వర్డ్ తాళం వేసుకుని. తాళమున్న ఫైలు పెడితే అవతలివాళ్ళు ఎలా తెరుస్తారు? అందుకని దాన్ని మా ప్రింటరు కాగితం చేసింది, బ్యాంకువాళ్ళు కాగితం కాగితానికీ ముద్ర గుద్దారు, మళ్ళీ తెచ్చి నా మీద బోర్లించారు, నేను కంప్యూటర్లోకి పంపించాను. పదకొండు పేజీలు. బయల్దేరిన చోటికే చేరింది, కాకపోతే ఒళ్ళంతా ఊదారంగు మచ్చలతో. ఆన్‌లైన్ దరఖాస్తు అనే మాట విన్నప్పుడల్లా నాకు ఆ పదకొండు పేజీలే గుర్తొస్తాయి. 2025 జనవరి నుంచి మన దేశంలో థాయ్ వీసాలన్నీ ఆన్‌లైనే అంటే నా పని అయిపోయిందనుకున్నాను. పెరిగింది.

ఆ స్టేట్‌మెంటులో ఒక అంకె పెద్దది. తల్లి కువైట్ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి పిల్ల ఖాతాలో వేసింది. ఒక్కసారిగా వచ్చిపడ్డ డబ్బుని వీసావాళ్ళు అనుమానంగా చూస్తారని ఎవరో చెబితే, వేశాక మూణ్ణెల్లు ఆగి మరీ వచ్చారట. డబ్బు కదలకుండా ఉందని చూపించడానికి డబ్బుతోపాటు మనుషులూ కదలకుండా కూర్చున్నారు.

అన్నీ ఎక్కించి, ఫీజు కట్టి, దరఖాస్తు చెన్నైలో ఉన్న కాన్సులేట్‌కి పంపించారు. వారం తిరక్కుండా జవాబు: ఇంకో కాగితం కావాలి. కంపెనీ ఇచ్చిన ఉత్తరంలో 'ఇంటినుంచి పనిచేస్తారు' అని ఉంది. ఏ ఇంటినుంచి? దేశం బయటనుంచి చేసుకోవచ్చని రాసివ్వమన్నారు.

ఇక్కడ చిక్కుపడింది. ఇన్నాళ్ళుగా ఆ పిల్ల ఎక్కడ కూర్చుని పనిచేస్తోందో పట్టించుకోని కంపెనీకి, అదే మాట కాగితం మీద పెట్టమనేసరికి భయం పట్టుకుంది. ఏడాదిలో 180 రోజులు థాయ్‌లాండ్‌లో ఉంటే అక్కడ పన్ను లెక్కలోకి వస్తుంది, మాకేమైనా చుట్టుకుంటుందేమో, లాయర్ని అడగాలి అన్నారు. మూడు వారాలు గడిచాయి. పిల్ల రోజూ కొట్టుకొచ్చి ఈమెయిలు చూసుకునేది. ఫోన్‌లో చూసుకోవచ్చు కదా అని నా సందేహం. ఇంట్లో తల్లి ముఖం చూడలేకేమో.

"బ్యాంకాక్‌లో ఉంటావామ్మా?" అని అడిగాడు ఓ రోజు మా యజమాని, ఊరుకోలేక.

"చియాంగ్ మాయ్ అండి. ఉత్తరాన, కొండల దగ్గర. అద్దెలు తక్కువంట, నాలాంటి వాళ్ళు బోలెడుమంది ఉంటారు. సింగపూర్‌కీ వాళ్ళకీ గంటే తేడా."

"మనకీ వాళ్ళకీ?"

"గంటన్నరండి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడ పొగ ఎక్కువట, పొలాలూ అడవులూ తగలబడి. అప్పుడు ఇంటికొచ్చేస్తాను."

"మావిడికాయల వేళకి," అన్నాడాయన, అదేదో ముహూర్తం కుదిరినట్టు.

కంపెనీ ఉత్తరం చివరికి వచ్చింది. ఒక్క వాక్యం. దాన్ని స్కాన్ చెయ్యడానికి నాకు పట్టింది పన్నెండు సెకన్లు.

వీసా కూడా ఈమెయిల్లోనే వచ్చింది. దాన్ని నేను చూడలేదు. పాస్‌పోర్టులో అంటించే రోజులు పోయాయి, కంప్యూటర్లోంచి తిన్నగా ప్రింటరుకి పోయింది. వేడివేడిగా అది కక్కిన కాగితాన్ని ముగ్గురూ వెలుతురుకి పట్టుకుని చూశారు. ప్రింటరు ఆ సాయంత్రమంతా గర్వంగా బుస్సుమంటూనే ఉంది. వెళ్ళడానికి ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు ఒకటి నింపాలి. అది పిల్ల తన ఫోన్‌లోనే నింపేసుకుంది, నాతో పనిపడలేదు.

దసరా వెళ్ళాక తల్లి ఒక్కతే వచ్చింది. 2011 నాటి పాస్‌పోర్టు తెచ్చింది. 2021లోనే గడువు తీరిపోయింది, కొత్తది చేయించుకోవాలి.

"నాకు ఈసారి ఆ ముద్ర వెయ్యరంట, నిజమేనా తమ్ముడూ?"

"50 దాటినవాళ్ళకి వెయ్యరక్కా. నీకెంత?"

"51."

"అయితే వెయ్యరు. పదోక్లాసు పాసైనవాళ్ళతో సమానం నువ్వు."

"ఇన్నాళ్ళకి పాసయ్యానన్నమాట," అంది ఆవిడ.

మా యజమాని పాస్‌పోర్టు తెరిచి నా మీద బోర్లించబోయాడు. "మొదటి పేజీ, చివరి పేజీ, ముద్ర ఉన్న పేజీ. చాలక్కా."

"పాతదాన్ని కేన్సిల్ చేసి చిల్లు కొడతారంటగా?"

"కొట్టి, మళ్ళీ నీకే ఇచ్చేస్తారు."

"చిల్లు పడకముందే అన్ని పేజీలూ తియ్యి."

"36 పేజీలక్కా! ఎందుకు, ఎవరడుగుతారు?"

"పిల్లకి ఫోన్‌లో పంపించాలి. తియ్యి తమ్ముడూ, డబ్బులిస్తాను."

ఆయన ఏమీ అనలేదు. గాజు పలక తుడిచాడు. మూడో పేజీ విప్పి బోర్లించి, అరచేత్తో మెల్లగా నొక్కి పట్టుకున్నాడు. అరబ్బీ అక్షరాల పక్కన ఓ చిన్న విమానం బొమ్మ, దాని కింద తేదీ. నా దీపం కదిలింది.