చక్రాసన శకటారోహణం: టీకా తాత్పర్య సహితం

మూలం

దిండు తీసి పిదప దింపుము పాదాలు
సీటు నడిమి లాగి చేత మడిచి
చక్రములను విప్పి చక్కగా చుట్టుము
డిక్కి లోనఁ బెట్టు పక్క పరచి

అవతారిక

చేత్తో నడుపుకొనే చక్రాల కుర్చీని కారెక్కించేటప్పుడు అది దెబ్బ తినకుండా చూడడం ఈ ఆటవెలదికి వస్తువు. మూలం లేకుండా టీక నిలవదు కనుక ఈ పద్యం టీక కోసమే పుట్టింది. దేశం, చెన్నపట్టణపు జార్జి టౌన్. 1854లో మొదలైన వావిళ్లవారి సంస్థ ఇక్కడి ఎస్ప్లనేడు చిరునామా నుంచే తరాల తరబడి కావ్యాలకు టీకా తాత్పర్యాలు అందించింది. ఆ గాలి ఇంకా పూర్తిగా పోలేదని అనుకోవచ్చు. కాలం, ఆస్పత్రికో కన్యకాపరమేశ్వరి గుడికో బయలుదేరే ఏ ఉదయమైనా. ఇళ్లు గోవిందప్ప నాయకన్ వీధి వంటి సరుకు బండ్ల వీధుల్లో ఉంటాయి; కారు గుమ్మం దాకా రాదు. ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినా జనం బ్రాడ్‌వే అనడం మానని రోడ్డు మీదనో, ఎన్‌ఎస్‌సి బోస్ రోడ్డు మీదనో నిలుస్తుంది. కుర్చీ అక్కడిదాకా మనిషిని మోసుకుంటూ వెళ్లి, అక్కడ తానే మోయించుకుంటుంది.

ప్రతిపదార్థం

దిండు = కూర్చునే మెత్తను; తీసి = ముందుగా చేతిలోకి తీసుకొని; పిదప = తరువాత; పాదాలు = కాళ్లు ఆనించుకునే పలకలను; దింపుము = ఊడదీయుము; సీటు నడిమి = కూర్చునే గుడ్డ మధ్యభాగమును; లాగి = పైకి ఎత్తి; చేత = చేతితోనే, మోకాలితో కాదు; మడిచి = దగ్గరకు చేర్చి; చక్రములను = పెద్ద చక్రాలు రెంటిని; విప్పి = ఇరుసుతో సహా వేరుచేసి; చక్కగా = ఒకదానికొకటి తగలకుండా; చుట్టుము = గుడ్డలో కట్టుము; పక్క = మెత్తని పరుపును; పరచి = ముందే వేసి ఉంచి; డిక్కి లోనన్ = కారు వెనుక గూటిలో; పెట్టు = ఉంచుము, పడవేయకుము అని భావం.

దింపుము, చుట్టుము

ఇవి మధ్యమ పురుష ఏకవచనాలు. కుర్చీ ఎత్తేది కారు డ్రైవరో, పక్క అంగడి కుర్రాడో, మనవడో. మనవడికి ఏకవచనం చెల్లుతుంది. డ్రైవరుకు చెల్లదు. ఛందస్సు కోసం కవి అలా అన్నాడని సమర్థించబోతే గణాలు ఒప్పుకోవు: దింపుము భగణం, దింపండి తగణం, రెండూ ఇంద్రగణాలే. చుట్టుము, చుట్టండి కూడా అంతే. మర్యాదకు చోటుండి కూడా వాడలేదు కనుక దోషం కవిదే. "దింపండి పాదాలు", "చక్కగా చుట్టండి" అన్న పాఠాన్నే గ్రహించడం మేలు. చివరి పాదంలోని "పెట్టు" మాత్రం సూర్యగణంలో ఇరుక్కుపోయింది. దాన్ని నోటితో సర్దుకోవాలి.

దిండు తీసి

మొదటి మాట దిండు కావడం యాదృచ్ఛికం కాదు. మెత్త ఉండగా కుర్చీ మడతపడదు. బలవంతం చేస్తే మెత్త కింది గుడ్డ కుట్లు వదులుతాయి. అంతకన్నా ముఖ్యం, గంటల తరబడి ఒకే చోట కూర్చునే ఒంటికి పుండు పడకుండా కాచేది ఈ మెత్తే. గాలి నింపిన రకానికి ఒక చిన్న ములుకు చాలు. అందుచేత దీన్ని రోడ్డు మీద పెట్టరాదు, డిక్కీలో వేయరాదు, మూసిన కారులో చెన్నై ఎండకు వదిలిపెట్టరాదు. దీని స్థానం కారు లోపల, మనుషుల మధ్య.

పాదాలు

ఇక్కడ శ్లేష. మనిషి పాదాలు, కుర్చీ పాదాలు, పద్యపాదాలు. శంక: పద్యానికి నాలుగు, కుర్చీకి రెండే కదా? సమాధానం: పద్యం నడవకపోయినా ఎవరికీ నష్టం లేదు. కుర్చీలో అన్నిటికన్నా ముందుకు పొడుచుకొచ్చి ఉండేవి ఈ పలకలే. కారు రంగు గీరేవీ ఇవే, గీరి తాము వంగేవీ ఇవే. మీట నొక్కి పక్కకు తిప్పి పైకి లాగితే ఊడే రకమైతే ఊడదీసి సంచిలో వేయాలి. ఊడని రకమైతే పలకను పైకి మడవాలి. అప్పుడు "దింపుము" అంటే ఎత్తుము అని అర్థం చెప్పుకోవలసి వస్తుంది; వ్యాఖ్యాతలు ఇంతకన్నా కష్టమైన పనులు చేశారు. రోడ్డు మీద మరచిపోయే వస్తువుల్లోనూ వీటిదే ప్రథమ స్థానం కాబట్టి సంచికి పేరు పెట్టడం అతి కాదు.

ఈ పలకలను గానీ, ఊడివచ్చే చేతులను గానీ పట్టుకొని కుర్చీని ఎత్తకూడదు. పట్టు చేతిలో ఉంటుంది, కుర్చీ కింద ఉంటుంది. ఎత్తవలసింది చట్రపు గొట్టాలను పట్టి. చక్రం పట్టి ఎత్తినా అది తిరిగి జారుతుంది.

సీటు నడిమి లాగి

కుర్చీ మడత పుట్టిందే కారు కోసం. అమెరికాలో హెర్బర్ట్ ఎవరెస్ట్ అనే గని ఇంజినీరుకు 1918లో గని ప్రమాదంలో వెన్ను విరిగింది. అప్పటి కుర్చీలు బరువు, మడత లేనివి. ఆయన, ఇంజినీరు మిత్రుడు హారీ జెన్నింగ్స్ కలిసి 1930లలో కత్తెర ఆకారపు గొట్టాల మీద ముడుచుకునే కుర్చీని రూపొందించారు. 1937లో దానికి పేటెంటు వచ్చింది. నేటి మామూలు ఇనుప కుర్చీ ఆ వంశంలోనిదే. మడిస్తే మందం అడుగుకు అటూ ఇటూ, బరువు 16 నుంచి 20 కిలోలు. సీటు గుడ్డను ముందు అంచు నడుమ ఒక చేత్తో, వెనుక అంచు నడుమ ఒక చేత్తో పట్టి పైకి లాగడమే మడిచే విధానం. చేతులు రెండు పక్కల నుంచి నొక్కి మూయబోతే కత్తెర మేకు మీద భారం పడుతుంది. వేళ్లు కత్తెరలోకి పోతే మనిషి మీద పడుతుంది.

చక్రములను విప్పి

ఈ పాదం అందరిదీ కాదు. నట్లతో బిగించిన ఇనుప కుర్చీకి చక్రాలు ఊడవు. ఆ ఇంటివారు ఈ పాదాన్ని చదివి వదిలేయాలి. ఇరుసు నడుమ బొత్తాం నొక్కితే ఊడివచ్చే చక్రాలున్న తేలిక కుర్చీలకే ఇది విధి. అటువంటి వాటికి బ్రేకు వేసి ఉంటే చక్రం రాదు. మనిషి కారులోకి మారేదాకా బ్రేకు ఉండాలి, ఆ తరువాత తీయాలి; పద్యంలో బ్రేకు మాటే లేదు, అధ్యాహారం చేసుకోవాలి.

చుట్టడమెందుకు? ఊడిన ఇరుసు కొనకు జిడ్డు ఉంటుంది. దానికి రోడ్డు ఇసుక అంటుకొని మళ్లీ గొట్టంలోకి దూరితే అరుగుదల మొదలవుతుంది. రెండు చక్రాలను వట్టిగా ఒకదానిమీదొకటి వేస్తే ఒకదాని ఇరుసు రెండోదాని కమ్ముల్లో గుచ్చుకుంటుంది. ఇక అసలు సంగతి చక్రం వెలుపలి రింగు. చేతులు పట్టి నెట్టేది దాన్నే. డిక్కీ గడియకు రాసుకొని దానిమీద ఒక గరుకు లేచిందంటే, ఎత్తినవారికి అది గీత. నెట్టేవారికి ప్రతి తిప్పుకూ అరచేతిలో కోత. సముద్రపు గాలి తగిలే ఊరిలో ఇనుప కుర్చీ మీది గీత గీతగా ఉండదు కూడా, కొన్నాళ్లకు తుప్పు.

పక్క పరచి

పద్యానికి ప్రాణం ఈ రెండు మాటలు. ఇక్కడి ప్రాసయతిని మెచ్చుకోనవసరం లేదు, డిక్కికి పక్క దొరకడం తెలుగు చేసుకున్న అదృష్టం. పక్క అనగా పరుపు. పార్శ్వం అని కూడా. రెండర్థాలూ పనికొస్తాయి.

మొదటి అర్థం: కుర్చీని ఎత్తాక పక్క వెతుక్కోరాదు, పరచిన తరువాతే ఎత్తాలి. పాత బొంత, జంపఖానా ఏదైనా సరే. అది డిక్కీ నేల మీదనే ఆగిపోతే సగం పనే. కుర్చీకి ఎక్కువ దెబ్బలు తగిలేది డిక్కీ గడప దగ్గర. కనుక బొంత గడప దాటి బంపరు మీదికి వేలాడాలి. కుర్చీ వెనుక చక్రాలను ఆ గుడ్డకు ఆనించి, చట్రం పట్టి వాలుగా లోనికి నెడితే సగం బరువు కారే మోస్తుంది, నడుమూ నిలుస్తుంది. కుర్చీకి, డిక్కీ గోడకు నడుమ అడ్డుగా అట్ట కావాలంటే కాగితపు అంగళ్ల ఆండర్సన్ వీధి ఉంది. గుడ్డ కావాలంటే గోడౌన్ వీధి ఉంది. చట్రానికి శాశ్వత కవచం కావాలనుకునేవారు పాత సైకిలు ట్యూబును నిలువుగా చీల్చి చుడతారు, లేదా ఏసీ రాగి గొట్టాలకు తొడిగే నల్ల నురుగు గొట్టం తొడుగుతారు.

రెండో అర్థం: కుర్చీని పక్కకు పడుకోబెట్టాలి. నిలబెడితే మొదటి మలుపులోనే పడుతుంది. పడుకున్న దానిమీద మరేదీ ఎక్కకూడదు. కొత్వాల్ చావడి నుంచి తెచ్చిన బియ్యం మూట దానిమీద పెడితే ముందరి చిన్న చక్రం ఫోర్కు వంగుతుంది. వంగితే చెప్పిన దారిన పోదు, రోజంతా ఒకవైపు లాగుతుంది, లాగినప్పుడల్లా రెండో చెయ్యి సరిచేస్తూ ఉండాలి. గ్యాస్ సిలిండరు డిక్కీని ఆక్రమించిన టాక్సీలో పక్కకు చోటుండదు. అప్పుడు వెనుక సీటే డిక్కీ. కుర్చీకి బెల్టు పెట్టాలి, బ్రేకు పడితే అది ఎగిరి ముందుకు వస్తుంది.

ధ్వని

డిక్కీ కారుకు వెనుక ఉంటుంది. కుర్చీ ఎవరిదో వారు ముందు కూర్చొని ఉంటారు. తమ కాళ్లను ఎవరో వెనక సర్దుతుండగా వారికి తెలిసేది శబ్దం ఒక్కటే: ఈడ్పు, ఠంగుమనడం, డిక్కీ మూత. ఆలంకారికులు ధ్వని అన్నది ఇదే కాకపోవచ్చు గాని, ఆ ఇళ్లలో అర్థం పోల్చుకునేది దీన్నిబట్టే. అందుకే కుర్చీ ఎత్తేవారికి ఈ పద్యాన్ని కారు తలుపు మూయకముందే వినిపించాలి.

తాత్పర్యం

మెత్త తీసి లోపల పెట్టుకొని, కాలి పలకలు ఊడదీసి, సీటు గుడ్డ పైకి లాగి మడిచి, ఊడే చక్రాలైతే ఊడదీసి గుడ్డలో చుట్టి, ముందే పరచిన బొంత మీద కుర్చీని మెల్లగా పడుకోబెట్టవలెను.

విలోమం

దించేటప్పుడు పద్యాన్ని చివరి పాదం నుంచి చదవాలి. చక్రం ఎక్కించాక బొత్తాం బయటికి పొంగిందో లేదో చూసి, ఒకసారి వెలుపలికి లాగి చూడాలి. ఊడి వస్తే అది ఎక్కనట్టు. సీటు గొట్టాలను అరచేతులతో కిందికి నొక్కి తెరవాలి, వేళ్లు గొట్టం చుట్టూ పోకూడదు. వాన తగిలి ఉంటే పొడిగుడ్డతో తుడవాలి. బ్రేకు వేయాలి. మెత్త ముందు అంచు ముందుకే ఉండేలా వేయాలి. మనిషి కూర్చున్నాకే పాదాలు.